పదిహేను వేలల్లో పాప పుట్టినరోజు: ముందు గడియారం చూడండి

ప్రశ్న: మేం హైదరాబాద్ నిజాంపేటలో అద్దెకు ఉంటున్నాం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మావారిది మెడికల్ డిస్ట్రిబ్యూషన్‌లో ఉద్యోగం. ఇద్దరి జీతాలూ కలిపితే నెలకు 38 వేలు, అందులో అద్దెకే 12 వేలు పోతుంది. వచ్చే నెల మా పాపకు ఆరేళ్ళు నిండుతాయి. ఈ మధ్య తన క్లాస్‌మేట్ పుట్టినరోజు పెద్ద ఫంక్షన్ హాల్లో చేశారు. మ్యాజిక్ షో, పెద్ద స్క్రీన్, బఫే అన్నీ పెట్టారు. అప్పటి నుంచి పాప ‘నాక్కూడా అలాగే చెయ్యండి’ అంటోంది. మా ఆడపడుచు కూడా పోయిన ఏడాది వాళ్ళ బాబుకి ఘనంగా చేసింది. ‘మనం చెయ్యకపోతే ఏం బాగుంటుంది, క్రెడిట్ కార్డు మీద 60 వేలు పెట్టి ఈఎంఐ కట్టుకుందాం’ అంటున్నారు మావారు. అత్తయ్యగారేమో తిథి ప్రకారం ఇంట్లో చేస్తే చాలంటున్నారు. నేను దాచింది 15 వేలు. ఆ డబ్బుతో పరువుగా చెయ్యగలమా? ఎవరిని పిలవాలి, పాపకు ఎలా నచ్చజెప్పాలి?

సమాధానం: చెయ్యగలరమ్మా. పరువుగానే కాదు, పాప ఏడాదంతా చెప్పుకునేలా చెయ్యవచ్చు. పైగా కొంత మిగులుతుంది కూడా. అయితే కేకు గురించో డెకరేషన్ గురించో ఆలోచించే ముందు మీరిద్దరూ కూర్చుని రెండు విషయాలు తేల్చుకోవాలి: ఎన్ని గంటలకు పిలుస్తారు, ఎవరిని పిలుస్తారు. పుట్టినరోజు ఖర్చులో ముప్పావు వంతు ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది. మిగతావి ఎంత తగ్గించినా వందల్లోనే తగ్గుతాయి.

ముందు టైం సంగతి. రాత్రి ఏడింటికి రమ్మని పిలిస్తే భోజనం పెట్టాల్సిందే. ఆ వేళకు వచ్చినవాళ్ళను కేకు ముక్క, చిప్స్ ఇచ్చి పంపితే మీకూ మనసొప్పదు, వాళ్ళకూ బాగుండదు. పైగా ఏడింటికి పిలిస్తే తల్లిదండ్రులిద్దరూ వస్తారు, ఎనిమిదిన్నర దాకా వస్తూనే ఉంటారు. పాప కొత్త గౌనులో నిద్రకు తూగుతూ కేకు కోస్తుంది. అదే శనివారం సాయంత్రం నాలుగున్నరకు పిలిచి ఆరున్నరకు ముగించారనుకోండి. అది పిల్లలు ఆడుకునే వేళ, టిఫిన్ వేళ. ఎవరూ భోజనం కోసం చూడరు. చాలామంది తల్లులు పిల్లల్ని దింపి వెళ్ళి మళ్ళీ వచ్చి తీసుకెళతారు. మీ లెక్కలో సగానికి సగం తగ్గేది ఇక్కడే.

వాట్సాప్‌లో పిలిచేటప్పుడు మొదలయ్యే టైంతో పాటు అయిపోయే టైం కూడా రాయండి. ‘సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు ఆటలు, కేకు, టిఫిన్. పిల్లల్ని దింపి వెళ్ళినా సరే, మీరూ ఉంటే ఇంకా సంతోషం’ అని రాస్తే ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు. ‘టిఫిన్’ అన్న మాట తప్పకుండా ఉండాలి. అది లేకపోతే ఇంట్లో వంట చేసుకోకుండా వచ్చేవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటారు.

ఇక ఎవరిని పిలవాలన్నది. హాల్లో చేసే ఫంక్షన్లు ఎందుకంత ఖర్చవుతాయో గమనించారా? హాలువాళ్ళు కనీసం ఇన్ని ప్లేట్లని ముందే గ్యారంటీ అడుగుతారు. ఆ ప్లేట్లు వృథా కాకూడదని ఆఫీసువాళ్ళను, పాత ఇంటి పక్కవాళ్ళను, పాప ముఖం కూడా చూడనివాళ్ళను పిలుస్తారు. చివరికి పాపకు తెలిసినవాళ్ళు పది మంది ఉంటే, తెలియనివాళ్ళు తొంభై మంది. మీరు పాపనే అడగండి, ‘నీతో ఆడుకునేవాళ్ళు ఎవరెవరు?’ అని. స్కూల్లో ఒక ఎనిమిది పేర్లు, అపార్ట్‌మెంట్‌లో ఒక పది పేర్లు చెబుతుంది. ఆ 18 మందే మీ అతిథులు. వాళ్ళతో ఉండిపోయే తల్లులు, మీ ఇంటివాళ్ళు కలిసి మరో పది మంది. మొత్తం 28 అనుకుందాం.

స్కూలు పిల్లల్ని పిలిచేటప్పుడు ఒక జాగ్రత్త. క్లాసంతటినీ పిలవనప్పుడు కార్డులు క్లాసులో పంచొద్దు. పిలవని పిల్లల ముఖాలు చిన్నబోతాయి. ఆ ఎనిమిది మంది తల్లులకు విడిగా ఫోన్ చెయ్యండి. క్లాసులో అందరికీ మాత్రం చాక్లెట్లు పంచనివ్వండి, స్కూల్లో ఒప్పుకుంటేనే. మీరే టీచర్ కాబట్టి ఇది మీకు నేను చెప్పక్కర్లేదు.

మీవారి మాట గురించి. ఆయన్ని తప్పు పట్టకండి. ‘ఏం బాగుంటుంది’ అనడంలో పాప మీద ప్రేమ ఉంది, తోబుట్టువు ముందు తక్కువ కాకూడదన్న టెన్షన్ కూడా ఉంది. వాదనకు దిగకుండా ఒక కాగితం మీద లెక్క వేసి చూపించండి. 60 వేలు కార్డు మీద ఏడాది ఈఎంఐగా మారిస్తే, 15 శాతం వడ్డీ అనుకున్నా నెలకు సుమారు 5,400 కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ దీనికి అదనం. అద్దె పోను మీ చేతిలో మిగిలేది 26 వేలు. అందులో అయిదో వంతు ఏడాది పాటు ఒక సాయంత్రం కోసం పోతుంది. చివరి వాయిదా కట్టేసరికి పాప ఏడో పుట్టినరోజు వచ్చి కూర్చుంటుంది. ఈఎంఐగా మార్చకుండా కనీస మొత్తం కడుతూ పోదామనుకుంటే ఇంకా ప్రమాదం. కార్డు బాకీ మీద చాలా బ్యాంకులు నెలకు మూడు నుంచి మూడున్నర శాతం దాకా వేస్తాయి. అంటే ఏడాదికి 40 శాతం అటూ ఇటూ. ఆస్పత్రి ఖర్చుకో స్కూలు ఫీజుకో కార్డు వాడాల్సి వస్తే అది వేరే సంగతి. పుట్టినరోజుకు మాత్రం అప్పు వద్దన్నది నా గట్టి అభిప్రాయం.

ఆ లెక్కతో పాటు ఆయనకో పని కూడా అప్పజెప్పండి. డబ్బు పెట్టడం తప్ప తనకు ఇందులో పాత్ర ఏమీ లేదనుకున్నప్పుడే తండ్రులు హాలు బుక్ చేస్తామంటారు. ఆటలన్నీ మీవారి చేతికివ్వండి. ఎందుకో కిందికి వస్తే మీకే తెలుస్తుంది.

అత్తయ్యగారు చెప్పిన తిథి మాట వదులుకోకండి. మీ చుట్టాల సమస్యకు పరిష్కారం అందులోనే ఉంది. తిథి ఎలాగూ ఇంగ్లీషు తేదీకి ముందో వెనకో వస్తుంది. ఆ రోజు పొద్దున్నే పెద్దల పుట్టినరోజు చెయ్యండి. పాపకు నువ్వుల నూనె పెట్టి సున్నిపిండితో నలిచి తలంటు పొయ్యడం, కొత్త బట్టలకు పసుపు పెట్టి కట్టడం, దేవుడి దగ్గర దీపం, అక్షింతలు, హారతి, గుడిలో పాప పేరు మీద అర్చన. ఇదంతా అత్తయ్యగారి చేతుల మీదుగా జరగనివ్వండి. ఆడపడుచు కుటుంబాన్ని, మీ అమ్మానాన్నలను, బాగా దగ్గరివాళ్ళను పది పన్నెండు మందిని ఆ పూట భోజనానికి పిలవండి. పప్పు, రెండు కూరలు, చారు, గారెలు, సేమ్యా పాయసం. మీ అత్తయ్యగారు, మీ అమ్మగారు కలిస్తే వంటవాళ్ళ అవసరమే ఉండదు. సరుకులకు, పూలకు, గుడికి కలిపి మూడు వేలు చాలు.

ఇలా విడదీస్తే ఇంకో మేలు ఉంది. చుట్టాలకు సాయంత్రం పార్టీలో నిజానికి పనేమీ ఉండదు. మైకు గోలలో ఒకరితో ఒకరు మాట్లాడుకోలేక ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటారు. ఇంట్లో కింద కూర్చుని భోంచేసి, మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పుకుని వెళితే వాళ్ళకే తృప్తిగా ఉంటుంది. ఆడపడుచుకు మీరే ముందుగా ఫోన్ చేసి, ‘వదినా, మీరు పొద్దున్నే వచ్చి పాపకు తలంటు మీ చేత్తో పోయాలి’ అని అడగండి. ఆవిడ మీ కన్నా చిన్నదైతే పేరు పెట్టే పిలవండి, కానీ ఆ పని మాత్రం ఆవిడకే ఇవ్వండి. మేనత్తగా ముందుకు పిలిచి పెద్దరికం ఇచ్చిన చోట పోలికలు రావు.

పెద్దవాళ్ళు ‘పాపకు ఏం కొనమంటావు’ అని అడిగితే మొహమాటపడకుండా ఒక మాట చెప్పండి. పాప పేరు మీద పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సుకన్య సమృద్ధి ఖాతా ఉందా? లేకపోతే ఈ పుట్టినరోజుకు తెరవండి. పదేళ్ళు నిండని ఆడపిల్ల పేరు మీద తెరవవచ్చు. ఏడాదికి కనీసం 250 రూపాయలు కడితే చాలు, గరిష్ఠంగా లక్షన్నర దాకా కట్టుకోవచ్చు. కట్టాల్సింది 15 ఏళ్ళు, ఖాతా మెచ్యూరయ్యేది తెరిచిన 21 ఏళ్ళకు. తాతయ్యగారు ఇచ్చే వెయ్యి నూటపదహార్లు మళ్ళీ ఇంటి ఖర్చుల్లో కలిసిపోకుండా అందులో వేస్తే, ఆయనకూ చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఇప్పుడు సాయంత్రం పార్టీ. ఎక్కడ చెయ్యాలి? మీ అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ హాలు ఉంటే అది. లేకపోతే సెల్లార్‌లో కార్లు ఒక పక్కకు తీయించి సగం వాడుకోండి. టెర్రస్ అందరికీ ముందు గుర్తొచ్చే చోటు. నేను మాత్రం ఆరేళ్ళ పిల్లలు పద్దెనిమిది మంది పరిగెత్తే చోట పిట్టగోడను నమ్మను. ఎండాకాలమైతే సాయంత్రం ఆరింటికి కూడా టెర్రస్ నేల కాలుతూనే ఉంటుంది, వానాకాలమైతే ఏ నిమిషాన జల్లు పడుతుందో తెలియదు. సెల్లార్‌కు నీడ ఉంది, నేల చదునుగా ఉంది. ఆ రెండు గంటలూ ర్యాంపు దగ్గర వాచ్‌మన్‌ను నిలబెట్టి బండ్లు లోపలికి రాకుండా చూసుకుంటే చాలు. హాలుకు కట్టే చార్జీ ఏదైనా ఉంటే అది, వాచ్‌మన్ కుటుంబానికి, తర్వాత ఊడ్చే ఆయాకు ఇచ్చేది కలిపి వెయ్యి రూపాయలు పక్కన పెట్టండి. వాచ్‌మన్ పిల్లలు అదే సెల్లార్‌లో ఉంటారు. వాళ్ళూ పాప అతిథులే. పిలిచి ఆటల్లో చేర్చుకోండి, వాళ్ళకూ రిటర్న్ గిఫ్ట్ ఉండాలి.

ఆటల దగ్గర కాసేపు ఆగుతాను. పార్టీ బాగుందనిపించేది ఇవే, వీటికయ్యే ఖర్చు దాదాపు సున్నా. సెల్లార్ అంటే స్తంభాలు కదా. నాలుగు స్తంభాలాటకు ఇంతకన్నా మంచి చోటు ఉంటుందా? నలుగురు పిల్లలు నాలుగు స్తంభాలు పట్టుకుని నిలబడతారు, ఒకరు మధ్యలో. చప్పట్లు కొట్టగానే నలుగురూ స్తంభాలు మారాలి, మధ్యలో ఉన్నవాళ్ళు ఖాళీ అయిన స్తంభాన్ని అందుకోవాలి. ఒక్కో జట్టుకు అయిదుగురు చొప్పున మూడు నాలుగు జట్లు ఒకేసారి ఆడవచ్చు. ఈ ఆట ఎలా ఆడాలో ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు, మీవారికి తప్పకుండా తెలిసే ఉంటుంది. ఆయన మధ్యలో నిలబడి రెండు రౌండ్లు ఆడి చూపిస్తే పిల్లలు ఇక వదలరు. మ్యాజిక్ షో వాళ్ళ ముందు పిల్లలు కూర్చుని చూస్తారంతే. తన నాన్న ఫ్రెండ్స్‌తో కలిసి స్తంభాల మధ్య పరిగెత్తిన పుట్టినరోజు పాపకు వేరేగా గుర్తుంటుంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక బాబు పుట్టినరోజుకు జరిగింది చెబుతాను. ఎవరింటికో కొత్త ఫ్రిజ్ వచ్చింది, దాని అట్టపెట్టె సెల్లార్‌లో పడి ఉంది. ఆ బాబు తండ్రి కత్తితో దానికి ఒక తలుపు, రెండు కిటికీలు కోసి, చుట్టూ స్కెచ్ పెన్నులు పెట్టి వదిలేశాడు. పిల్లలు దానికి ఇటుకలు గీశారు, ఇంటి నంబరు వేశారు. కాసేపటికి ఒక పాప కిటికీ దగ్గర కూర్చుని బాదం చెట్టు ఆకులు చించి టికెట్లు ఇస్తోంది. లోపలికి వెళ్ళాలంటే టికెట్ ఉండాలట. కేకు కొయ్యడానికి పిలిస్తే ఎవరూ రాలేదు. డబ్బు పెట్టి కట్టించిన బెలూన్ ఆర్చ్ దగ్గర ఫోటోలు తీసే పెద్దవాళ్ళు తప్ప ఎవరూ లేరు. ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగితే ఖాళీ పెట్టె ఇస్తారు. స్టేపుల్ పిన్నులు మాత్రం ముందే పీకేయండి.

కుర్చీలాట పెడితే ఒక చిన్న మార్పు చెయ్యండి. ఆరేళ్ళ వయసులో అవుటయిన పిల్ల మూలన నిలబడి ఏడుపు మొదలుపెడుతుంది. అవుటయినవాళ్ళకు పాట ఆపే పని, చప్పట్లు కొట్టే పని ఇస్తే ఆ గొడవ ఉండదు. వచ్చీ రాగానే పిల్లలు అమ్మ కొంగు పట్టుకుని బిడియపడతారు కాబట్టి మొదటి ఇరవై నిమిషాలకు నేల మీద పొడుగ్గా బ్రౌన్ పేపర్ పరిచి క్రేయాన్లు పెట్టండి. ఒక్కొక్కరే వచ్చి బొమ్మలు వేస్తూ కలిసిపోతారు. తర్వాత ఆ కాగితమే గోడకు అంటిస్తే అదే బ్యాక్‌డ్రాప్. అపార్ట్‌మెంట్‌లో ఎనిమిదో తరగతో తొమ్మిదో తరగతో చదివే పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని సాయానికి పిలవండి. ఆ వయసులో బాధ్యత ఇస్తే ఎంత బాగా చేస్తారో మీరే చూస్తారు. కాగితాలకు, క్రేయాన్లకు, చిన్న చిన్న బహుమతులకు 500 చాలు.

తినడానికి ఎక్కువ రకాలు పెట్టాలన్న ఆలోచన మానుకోండి. పిల్లలు ఆటలో పడితే తినరు, ప్లేట్లో ఆరు రకాలు పెడితే ఆరూ కెలికి వదిలేస్తారు. నేనైతే పులిహోర, చిన్న సమోసా, పాప్‌కార్న్, అరటిపండ్లు, చివర్లో ఐస్‌క్రీమ్ కప్పు పెడతాను. స్వీటు వద్దు, కేకు ఉంది కదా. టిఫిన్‌లా పెట్టే పులిహోరకు 28 మందికి కిలోన్నర బియ్యం సరిపోతాయి. పొద్దున్నే కలిపినా చింతపండు పులుపు వల్ల సాయంత్రానికి పాడవదు, ఊరి ఇంకా రుచిగా ఉంటుంది. వేరుశెనగపప్పు అందులో కలపకుండా పక్కన పెట్టండి. వచ్చే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నాలుగేళ్ళ లోపు వాళ్ళయితే పల్లీలు గొంతుకు అడ్డుపడతాయి. సమోసాలు 60 చెప్పండి, అయిదున్నరకు వేడిగా దించమని బండి అతనితో ముందే మాట్లాడుకోండి. పాప్‌కార్న్‌కు అర కిలో మొక్కజొన్న గింజలు ఇంట్లో కుక్కర్లో వేయిస్తే రెండు పెద్ద గిన్నెలు నిండిపోతాయి. సినిమా హాల్లో ఒక డబ్బాకు పెట్టే డబ్బు కూడా కాదు. తాగడానికి ఇరవై నిమ్మకాయలతో షర్బత్. కూల్‌డ్రింకుల కన్నా చవక, పరిగెత్తి వచ్చిన పిల్లల దాహం కూడా తీరుతుంది. తల్లులకు టీ. ఇదంతా రెండున్నర వేలల్లో అయిపోతుంది.

ప్లేట్ల బదులు అడ్డాకు దొప్పలు తెచ్చుకోండి. చిన్న చేతుల్లో ఇమిడిపోతాయి, ఒలకవు, పెట్టేది కూడా కొలతగా పెట్టవచ్చు. దొప్పలు, గ్లాసులు, టిష్యూలు కలిపి 400.

కేకు కిలోన్నర చాలు. బేకరీవాళ్ళు కిలో పది మందికని చెబుతారు. అది పెద్దవాళ్ళ లెక్క. పిల్లలకు యాభై గ్రాముల ముక్క ఇచ్చినా సగం వదిలేస్తారు. మీ పేటలోని మామూలు బేకరీలో తాజాగా చేయించుకుంటే 1,200 అటూ ఇటూ అవుతుంది. పాపకు నచ్చిన బొమ్మను ఫాండెంట్‌తో, అంటే చక్కెర ముద్దతో చేయించాలంటే అంతకు రెట్టింపు. దాని బదులు మామూలు కేకు మీద ఆ చిన్న బొమ్మే కొని నిలబెట్టండి, పార్టీ అయ్యాక ఆడుకుంటుంది. క్రీమ్ కేకు ఎండాకాలంలో గంట కన్నా బయట ఉంచొద్దు. ఆటలు అయ్యేదాకా ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి.

డెకరేషన్‌కు 600 మించొద్దు. రంగు కాగితాల తోరణాలు పాపతో కూర్చుని వారం ముందు నుంచి కత్తిరించండి. రోజూ అరగంట ఆ పని చేస్తుంటే హాలు మాట తనే మర్చిపోతుంది. బెలూన్లు మామూలువే తెచ్చి ముందు రోజు రాత్రి ఊదుకోండి. ఇక్కడ మూడు హెచ్చరికలు, వీటిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. గాల్లో తేలే గ్యాస్ బెలూన్లు బయట అమ్మేవాటిలో చాలావరకు హైడ్రోజన్ నింపుతారు, కొవ్వొత్తి సెగ తగిలితే మంట అంటుకుంటుంది. కేకు కోసేటప్పుడు చల్లుకునే నురుగు స్ప్రే డబ్బాల్లో ఉండేది కూడా మండే గ్యాసే. వెలుగుతున్న కొవ్వొత్తి ముందు అది కొట్టడం వల్ల పిల్లల జుట్టు, ముఖం కాలిన ఘటనలు ఉన్నాయి. ఎవరైనా సరదాకి తెచ్చినా తీసుకుని పక్కన పెట్టేయండి, మొహమాటం వద్దు. మూడోది, పగిలిన బెలూన్ ముక్కలు. పసిపిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటే గొంతులో అతుక్కుని ఊపిరాడదు. పగిలినవి పగిలినట్టే ఏరే పని ఒకరికి అప్పజెప్పండి.

రిటర్న్ గిఫ్టుల గురించి నాకు కాస్త పట్టుదల ఉంది. ఇంటికి చేరేలోపే విరిగిపోయే ప్లాస్టిక్ సామాన్ల సంచీ ఇవ్వడం కన్నా ఒకే ఒక్క మంచి వస్తువు ఇవ్వండి. తోడుగా వచ్చే అక్కలు, తమ్ముళ్ళు ఉంటారు కాబట్టి 22 సిద్ధం చేసుకోండి. ఒక్కోదానికి 90 చొప్పున రెండు వేలు. ఆ ధరలో నా మొదటి ఎంపిక తెలుగు బొమ్మల పుస్తకాలు. నేషనల్ బుక్ ట్రస్ట్‌వి, ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థవి వంద లోపే చాలా దొరుకుతాయి. బొమ్మలు బాగుంటాయి, మాటలు ఒకటో తరగతి పిల్లలు కూడబలుక్కుని చదవగలిగినంతే ఉంటాయి. రెండోది, అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్క పూసే బొంగరాలు. ఆ బొమ్మలకు 2017లో జీఐ, అంటే ఆ ఊరి ప్రత్యేకతగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంగులు మొక్కల నుంచి తీసినవి కాబట్టి చిన్నపిల్లలు పట్టుకున్నా భయం లేదు. లేపాక్షి ఎంపోరియంలో అడిగి చూడండి. చిన్న సైజువి ఈ లెక్కలో దొరక్కపోతే పట్టుబట్టొద్దు, పుస్తకాలే తీసుకోండి. బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా స్టీలు చిన్న డబ్బాలు, జామెట్రీ పెట్టెలు కూడా చవకగా వస్తాయి. కాకపోతే అంత దూరం ఆటోకయ్యేది కూడా లెక్కలో కలుపుకోండి.

పాపకు నచ్చజెప్పడం గురించి. ‘మన దగ్గర డబ్బుల్లేవమ్మా’ అని దిగులుగా చెబితే ఆ వయసు పిల్లలు భయపడతారు. అలాగని ‘చేద్దాంలే’ అని దాటవేస్తే ఆ రోజు దాకా హాలే ఊహించుకుంటుంది. ‘ఆ పుట్టినరోజులో నీకు బాగా నచ్చినవేంటి?’ అని నింపాదిగా అడిగి చూడండి. పెద్ద స్క్రీన్ గురించి చెబుతుందని మీరు అనుకుంటారు. ఈ వయసు పిల్లలు సాధారణంగా చెప్పేవి ఇంకా చిన్నవి: సబ్బు నురగ బుడగలు ఎగిరాయనో, ఆ పాప తలకు కిరీటం పెట్టుకుందనో, అందరూ తన పేరు పెట్టి పాడారనో. వాటిలో రెండు మీ ఇంట్లోనూ జరుగుతాయని మాటివ్వండి. ‘మనం హాల్లో చెయ్యట్లేదు, మన అపార్ట్‌మెంట్‌లోనే నీ ఫ్రెండ్స్‌తో చేస్తున్నాం. కేకు ఏ రంగు, ముందు ఏ ఆట, కిరీటం ఎలా ఉండాలో నువ్వే చెప్పాలి’ అనండి. మొదటి రోజు ముఖం ముడుచుకుంటుంది, ఏడ్చినా ఏడుస్తుంది. ఏడవనివ్వండి. మర్నాడు కాగితాలు, కత్తెర ముందు పెట్టండి.

ఇక లెక్క. పొద్దుటి భోజనం, గుడి మూడు వేలు. పాప గౌనుకు 1,500, రెండు పూటలకూ అదే సరిపోతుంది. కేకు 1,200, టిఫిన్లు 2,500, రిటర్న్ గిఫ్టులు 2,000, డెకరేషన్ 600, ఆటలు 500, హాలు, వాచ్‌మన్, ఆయా కలిపి 1,000, దొప్పలు, గ్లాసులు 400. మొత్తం 12,700. ఇంకా 2,300 మీ చేతిలో ఉంటాయి. అనుకోకుండా మరో నలుగురు వచ్చినా, సమోసాలు తక్కువైనా కంగారుపడక్కర్లేదు. ధరలు పేటను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి, అందుకే ఆ మిగులు ముట్టుకోకుండా ఉంచండి. ఫోటోగ్రాఫర్‌కు మాత్రం అందులోంచి ఇవ్వకండి. మీ చెల్లెలో తమ్ముడో ఉంటే ఫోన్ వాళ్ళ చేతికివ్వండి. మీరూ మీవారూ ఆ రెండు గంటలు ఫోన్ పట్టుకోకుండా పిల్లల మధ్య ఉండండి.

ఈ వారంలో చెయ్యాల్సినవి రెండే. పంచాంగంలో తిథి ఏ రోజు పడిందో అత్తయ్యగారిని చూసి చెప్పమనండి, దాన్ని బట్టి ఆడపడుచుకు ఫోన్ చెయ్యండి. అసోసియేషన్ సెక్రటరీతో మాట్లాడి పాప తేదీకి దగ్గరలో ఉన్న శనివారం సాయంత్రానికి హాలో సెల్లారో ఖాయం చేసుకోండి. శనివారాలకు పోటీ ఎక్కువ కాబట్టి ముందు సెక్రటరీకే ఫోన్ చెయ్యండి. ఫ్రిజ్ పెట్టె సంగతి మీవారికి చెప్పండి, ఆయన దారిలో కనుక్కుంటారు.